పహాణీ పాఠపరిష్కరణము: ఉప్పల్, నాచారము గ్రామలెక్కల బింబములు, పట్టికలు

పాఠపరిష్కరణము కావ్యములకే వలయునను భావము మనలో స్థిరపడియున్నది. తాళపత్రప్రతులను సేకరించుట, వానిని సరిపోల్చుట, లేఖకదోషములను గుర్తించుట, పాఠాంతరములను అధోజ్ఞాపికలలో చూపుట యనునవి నన్నయకును తిక్కనకును చేయదగిన సేవలని తలంతుము. కాని పద్యమున ఒక యక్షరము తప్పినప్పుడు రసికునకు కలుగు నష్టముకంటె, గ్రామలెక్కలో ఒక యక్షరము తప్పినప్పుడు రైతునకు కలుగు నష్టము పెద్దది. పద్యము చెడినచో ఛందస్సు హెచ్చరించును. యతిప్రాసలు సాక్ష్యము పలుకును. పహాణీకి ఛందస్సు లేదు. అందలి తప్పు ఒప్పువలెనే కనబడును. కావున పరిష్కర్త యవసరము కావ్యమునకంటె పహాణీకే ఎక్కువ యని మా యభిప్రాయము.

ఈ వ్యాసమున మేము సాహిత్యగ్రంథమును విమర్శించుట లేదు. భూమిలెక్కలు కాగితమునుండి బింబములుగాను, ఆ బింబములనుండి రిలేషనల్ డేటాబేసు పట్టికలలోనికిని దిగుమతి యగు పద్ధతిని పాఠపరిష్కర్త దృష్టితో పరిశీలింప బూనితిమి. నిదర్శనమునకు హైదరాబాదు తూర్పుననున్న ఉప్పల్, నాచారము గ్రామములను గైకొంటిమి. ఒకప్పుడు ఇవి పొలములుగల పల్లెలు. నేడు నాచారము పారిశ్రామికవాడ; ఉప్పల్ మహానగరమునకు తూర్పు వాకిలి. మూసీ ఉత్తరపు గట్టున నున్న ఉప్పల్ భగాయత్ భూములను మహానగరాభివృద్ధి సంస్థ లేఅవుటుగా తీర్చి 2019లో వేలము వేసినది. గుంటలలో కొలిచిన నేల చదరపు గజములలోనికి మారిన తావున పాతలెక్కలోని యొక్కొక్క గీతకు విలువ పెరిగినది. తప్పు చదువునకు మూల్యమును అట్లే పెరిగినది.

మొదట ఊరి పేరునే చూతము. ఉప్పల్ కలాన్, ఉప్పల్ ఖాల్సా, ఉప్పల్ భగాయత్ అను మూడు పేర్లు లెక్కలలో కనబడును. ఇవి ఒకే పేరునకు వికల్పరూపములు కావు. 'కలాన్' అనగా పెద్దది. అది పారసీక విశేషణము. 'ఖాల్సా' అనగా జాగీరుదారునకుగాక నేరుగా ప్రభుత్వమునకు శిస్తు చెల్లించు భూమి. 'భగాయత్' అనునది తోట యను నర్థముగల 'బాగ్' శబ్దమునుండి వచ్చి తోటభూమిని తెలుపును. తెలుగు పేరునకు పారసీకపు తోక తగిలించుట నిజాము పాలనలోని రెవెన్యూ వాడుక. ఆ తోకలోనే ఆ నేలయొక్క చరిత్ర యిమిడియున్నది. పొరుగుననున్న హబ్సిగూడ పేరును హబ్షీలనుబట్టి వచ్చినదని ప్రతీతి. ఇట్టి పేర్లను పట్టికలో చేర్చునపుడు 'ఉప్పల్' అని కుదించి మూడింటిని ఒక గడిలో కలిపినచో, సర్వే నంబరు 12 అనగా ఏ యూరి 12 అను ప్రశ్నకు సమాధానముండదు. ఇది కేవలము శబ్దవ్యుత్పత్తి చర్చ కాదు, హద్దురాళ్ల చర్చ.

ఊరు కదలకున్నను జిల్లా కదలినది. 1948లో అత్రాఫ్-ఎ-బల్దా, బాగాత్ జిల్లాలు కలిసి హైదరాబాదు జిల్లా యేర్పడినది. 1978లో రంగారెడ్డి జిల్లా వేరుపడినది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2007లో ఉప్పల్ కలాన్ పురపాలకసంఘము మహానగరపాలక సంస్థలో విలీనమైనది. 2016లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా పుట్టినది. కావున ఒకే పొలమునకు సంబంధించిన కాగితములు వేర్వేరు జిల్లాల పేర్లతో నుండుట సహజము. పట్టికలో జిల్లా పేరునకు ఒక్కటే గడి యుంచి, పాతకాగితముపై నున్న పేరును నేటి పేరుతో దిద్దివ్రాసినచో, ఆ కాగితము పుట్టిన కాలమునే చెరిపివేసినట్లగును. కాగితముపైనున్న పేరొక గడిలోను, నేటి పేరు మరియొక గడిలోను ఉండవలెను. కావ్యమునందు లేఖకుని గద్యను పరిష్కర్త దిద్దడు గదా! అది ప్రతియొక్క పుట్టుకకు సాక్ష్యము.

ఇక మన పాఠమునకు గల ప్రతివంశవృక్షమును గీచి చూతము. రైతు నోట తన పేరు చెప్పెను. అది మొదటి పాఠము, గాలిలో కలిసినది. పట్వారి దానిని వ్రాసికొనెను. సర్వే బందోబస్తుకాలపు మూలపత్రమగు సేత్వారులో అది ఉర్దూ లిపిలోనికి పోయెను. 1954-55లో, అనగా ఫసలీ 1364లో, ఖాస్రా పహాణీ తయారైనది. నేటికిని భూమి తగాదాలలో ఆధారపత్రముగా దానిని చూపుచున్నారు. తరువాత ఏటేట వ్రాసిన పహాణీలు పూర్వపు పహాణీకి నకళ్లు. ఆపై కంప్యూటరు వచ్చినది. 2017 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము భూరికార్డుల ప్రక్షాళన నారంభించినది. 2020 అక్టోబరు 29న ధరణి వెలువడినది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి ప్రారంభమైనది. లెక్కించి చూచిన యెడల, నేటి పట్టికలోని పేరు మూలమునకు ఏడవ తరమో యెనిమిదవ తరమో ప్రతి. ఆంధ్రమహాభారతమునకు ఇన్ని తరముల ప్రతి దొరకినచో పరిష్కర్త దానిని శంకతో చేపట్టును. పహాణీ విషయమున మనకా శంక లేదు; కంప్యూటరు తెరపై కనబడినదే మూలమని నమ్ముచున్నాము.

ప్రతి తరమునందును నష్టమొక విధముగా జరిగినది. ఉర్దూ లిపిలో హ్రస్వస్వరములను సాధారణముగా వ్రాయరు. గొలుసుకట్టు వ్రాతలో చుక్కలు జారిపోవును. బే, తే, నూన్ అను నక్షరములకు ఆకారమొక్కటే, భేదము చుక్కలలోనే యున్నది. లకారమునకును ళకారమునకును అక్కడ వేర్వేరు గుర్తులు లేవు. కావున 'మల్లయ్య', 'మల్లెయ్య' అను రెంటిని ఆ లిపినుండి తిరిగి తెలుగులోనికి తెచ్చునపుడు గుమాస్తా యూహయే ప్రమాణము. తరువాత రోమను లిపి వచ్చి తకార టకారముల భేదమును, దకార డకారముల భేదమును, హ్రస్వదీర్ఘములను మరల చెరపినది. రెండుమార్లు చెరిగిన పేరును మూడవమారు తెలుగులో వ్రాసినపుడు అది రైతు పేరే యగుట యదృష్టము.

1984లో పట్వారీ వ్యవస్థ రద్దైనది. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులును పోయినవి. 2025లో గ్రామపాలన అధికారుల పేర మరల నియామకములు జరిగినవి. ఈ మార్పుల గుణదోషవిచారణ మా పని కాదు. కాని పాతదస్తూరిని చూచినంతనే ఇది ఫలానా వాని చేతివ్రాత యని చెప్పగల జ్ఞానము పదవులతోపాటు ఊరు విడిచినది. లేఖకుని దస్తూరి నెరిగినవాడు లేనిచోట లేఖకదోషము నెవరు పట్టుకొందురు?

ఇప్పుడు పట్టిక యనగానేమో కొంచెము విచారింతము. రిలేషనల్ డేటాబేసునకు మూలమైన సిద్ధాంతమును 1970లో ఐ.బి.ఎం. సంస్థలోని ఎడ్గార్ కాడ్ ప్రకటించెను. అందలి సారమిది: దత్తాంశమంతయు పట్టికలుగా నుండవలెను, ప్రతి అడ్డువరుసకు దానిని మాత్రమే గుర్తింపగల కీలకముండవలెను, ఒక పట్టికకు మరియొక పట్టికతో సంబంధము ఆ కీలకముల విలువలచేతనే తెలియవలెను, ఒక విషయము ఒక్కచోటనే వ్రాయబడవలెను. ఈ సిద్ధాంతము మన పట్వారికి పూర్తిగా క్రొత్తది కాదు. పహాణీయు నిలువుగీతలు, అడ్డుగీతలు గల పట్టికయే. సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, ఖుష్కియా తరియా బాగాయతా యను స్వభావము, చివర కైఫియతు. అయితే భేదమొక్కటి కలదు. పట్వారి గడిలో పట్టని దానిని అంచున వ్రాసెను. రెండు గడుల నడుమ ఎర్రసిరాతో వ్రాసెను. కొట్టివేసి పైన వ్రాసెను. కంప్యూటరు పట్టికకు అంచు లేదు. గడిలో పట్టనిది దానికి లేనిదే.

అందుచేతనే బింబము కావలసివచ్చినది. 2008లో మొదలైన జాతీయ భూరికార్డుల ఆధునికీకరణ కార్యక్రమమునందు పాతపత్రములను, గ్రామనక్షాలను కంప్యూటరున కెక్కించుటయు నొక యంగము. బింబము మూలము కాదు, మూలమునకు నీడ. కాని కొట్టివేతను, ఎర్రసిరాను, దస్తూరిని చూపగల నీడ. నలుపు తెలుపులలో మాత్రమే బింబము తీసినచో ఎర్రసిరాయు నల్లసిరాయు నొక్కటియగును. తరువాత చేసిన సవరణ మొదటి వ్రాతయే యని చదువరి భ్రమపడును. అంచులు కత్తిరించి తీసినచో కైఫియతు పోవును. దస్త్రము చిన్నదిగా నుండుటకై చేసిన పొదుపు సాక్ష్యమును మ్రింగును. కావున రంగులతో, అంచులతో, పుట రెండు ప్రక్కలను, ఖాళీపుటలతోసహా తీయుట పరిష్కర్త కోరు మొదటి నియమము.

ఆ బింబమును పట్టిక గడిలోనే యుంచవలెనా, వెలుపల దస్త్రముగా నుంచి దాని చిరునామా మాత్రము గడిలో వ్రాయవలెనా యనునది ఈ శాస్త్రజ్ఞులలో చిరకాలవివాదము. 1999 నాటి ఎస్.క్యూ.ఎల్. ప్రమాణమున బింబములవంటి పెద్ద వస్తువులను గడిలో నుంచుటకు ప్రత్యేకమైన తరగతి యేర్పడినది. 2006లో జిమ్ గ్రే మున్నగువారు చేసిన పరీక్షలలో, సుమారు 256 కిలోబైట్లకు లోపలివి పట్టికలోను, ఒక మెగాబైటునకు మించినవి వెలుపలి దస్త్రములుగాను ఉండుట మేలని తేలినది. నడుమనున్నవానికి వాడుకనుబట్టి నిర్ణయము. నేటి యంత్రములలో ఈ యంకెలు మారవచ్చును గాని విచారించిన తీరు మారదు. పట్టికలోపల నున్నచో బింబమును దాని వివరమును ఎడబాయవు. నకలు తీసినపుడు రెండును కలిసి వచ్చును. కాని నిధి బరువెక్కును. నకలు తీయుటకు గంటలు పట్టును. వెలుపల నున్నచో నిధి తేలిక. కాని దస్త్రములున్న అర పేరు మార్చిననాడు చిరునామాలన్నియు మృతములగును. తీర్థయాత్రకు పోయినవాని చిరునామాకు జాబు వ్రాసినట్లుండును.

మా దృష్టిలో ఈ వివాదమునకు సమాధానము స్థానములో లేదు, సాక్ష్యములో నున్నది. పహాణీ పుటకు రంగుల బింబము సాధారణముగా ఒక మెగాబైటును మించును. కనుక దానిని వెలుపలనుంచుటయే సుకరము. అయితే ఆ దస్త్రముయొక్క ప్రతి బిందువునుండి గణించిన ముద్రాంకమును పట్టికలో వ్రాసియుంచవలెను. 'షా-256' అను పద్ధతిలో ఈ ముద్ర 64 అంకెలు, అక్షరముల వరుసగా వచ్చును. బింబమున ఒక్క చుక్క మారినను ముద్ర మారిపోవును. పాతకాలపు లక్కముద్ర యెట్టిదో యిదియు నట్టిదే: సంచి యెక్కడనున్నను ముద్ర చెదరలేదన్నచో లోపలి సొత్తు చెదరలేదు. ముద్రాంకము లేని బింబము ఎంత స్ఫుటముగా నున్నను న్యాయస్థానమున దుర్బలసాక్షి.

బింబమునకును వరుసకును గల సంబంధమునందు పెద్ద పొరపాటొకటి జరుగుటకు అవకాశమున్నది. ఒక పుటలో పలు సర్వే నంబరులుండును. ఒక సర్వే నంబరు పలు సంవత్సరముల పుటలలో నుండును. ఇది ఒకటికి ఒకటి సంబంధము కాదు, పెక్కింటికి పెక్కు. భూమి పట్టికలో 'బింబము' అని యొక గడి చేర్చినచో ఒక్క పుటకే చోటుండును. మిగిలిన యేండ్ల సాక్ష్యము నిలువనీడలేనిదగును. కావున మూడు పట్టికలు కావలెను: పుటలకొకటి, భూఖండములకొకటి, ఈ రెంటిని కలుపు పాఠముల పట్టిక యొకటి. ఈ మూడవ పట్టికలో ప్రతి వరుసయు 'ఫలానా పుటలో, ఫలానా చోట, ఫలానా భూఖండమునుగూర్చి ఇట్లు వ్రాసియున్నది. దీనిని ఫలానా దినమున ఫలానా ఉద్యోగి చదివెను' అని పలుకవలెను. పుటలోని చోటును నాలుగంకెలతో సూచింపవచ్చును. అప్పుడు తెరపై పేరును తాకినంతనే ఆ పేరున్న గీత మూలబింబమున కనబడును. అధోజ్ఞాపికకు ఇంతకంటె మంచి రూపమును మేమెరుగము.

ఇక దిగుమతి. ఇచ్చట దోషములు వింతగా నుండును. ఏలననగా అవి మనుష్యలేఖకుని దోషములు కావు. మనుష్యుడు అలసి తప్పును; యంత్రము అలయక, ఒక్కతీరుగా, వేలవరుసలలో తప్పును.

మొదటిది విస్తీర్ణము. తెలంగాణమున ఎకరమునకు 40 గుంటలు. గుంటకు 121 చదరపు గజములు. రెండెకరముల యిరువది గుంటలను 2.20 అని వ్రాయుట వాడుక. ఇందలి చుక్క దశాంశబిందువు కాదు. ఎకరములకును గుంటలకును నడుమ నుంచిన గుర్తు. కాని ఆ గడిని దశాంశసంఖ్యగా ప్రకటించి దిగుమతి చేసినచో యంత్రము 2.20, 2.2 రెండు నొక్కటే యని చివరి సున్నను తీసివేయును. 2.2ను చూచిన ఉద్యోగి రెండెకరముల రెండు గుంటలని చదువును. పదునెనిమిది గుంటలు, అనగా 2178 చదరపు గజములు, ఒక్క సున్నతోపాటు జారిపోవును. కూడికలోను ఇదే గతి. 2.20, 1.30 అను రెండు ఖండములను యంత్రము కూడి 3.50 అనును, పట్వారి కూడిన 4 ఎకరముల 10 గుంటలు వచ్చును. ఎకరములకు వేరుగడి, గుంటలకు వేరుగడి యుంచి, గుంటలు 40కి లోపలనే యుండవలెనని నిబంధన విధించినచో ఈ దోషము పుట్టకమునుపే చచ్చును. 3.50 అనునది పట్టికలో కాలు మోపజాలదు. ఛందస్సు లేని పాఠమునకు మనము కట్టగల ఛందస్సిదియే.

రెండవది సర్వే నంబరు. 12/1 అను విభాగసంఖ్యను లెక్కలపలకలో తెరచినచో అది పండ్రెండవ నెల మొదటి తేదీగానో, మొదటి నెల పండ్రెండవ తేదీగానో మారుట సర్వవిదితము. ఈ వ్యాధి రెవెన్యూ కచేరీలకు మాత్రమే పరిమితము కాదు. ఉప్పల్ దారిలోనే కణజీవశాస్త్ర పరిశోధనాలయమును, ఉప్పల్‌లో జన్యుముద్రా నిర్ధారణ కేంద్రమును కలవు. ఆ శాస్త్రమున 'మార్చ్', 'సెప్ట్' అను పొట్టిపేర్లతో మొదలగు జన్యువులుండెడివి. లెక్కలపలకలు వానిని తేదీలుగా మార్చివేయుచుండెను. జన్యుపట్టికలను జతచేసిన పరిశోధనపత్రములలో సుమారు అయిదవ వంతు ఈ దోషముతో నున్నట్లు 2016లో తేలినది. తుదకు 2020లో జన్యునామనిర్ణేతలు ఆ పేర్లనే మార్చుకొనిరి. జన్యువునకు పేరు మార్చవచ్చును. పొలమునకు సర్వే నంబరు మార్చుటకు వీలుగాదు. కావున సర్వే నంబరు చూపునకు సంఖ్యయైనను పట్టికలో అక్షరపాఠముగానే యుండవలెను. 12/అ, 12/ఆ యను విభాగములు దానికి స్వభావసిద్ధమైన సాక్ష్యములు.

మూడవది సంవత్సరము. పాతకాగితములపై ఫసలీ యుండును. దానికి 590 కలిపిన క్రీస్తుశకము వచ్చును. 1364 అను అంకెను క్రీస్తుశకపు గడిలో చేర్చినచో, ఖాస్రా పహాణీ ఎర్రాప్రగడ కాలపు ప్రతి యగును! నవ్వవలసిన మాటయే గాని, వరుసలను కాలక్రమమున పేర్చు యంత్రము నవ్వదు. అది 1364ను మొదట నిలిపి, దానికిని 1955కును నడుమ ఆరు వందల యేండ్ల శూన్యమును చూపును. శకమును తెలుపు గడి ప్రత్యేకముగా నుండక తప్పదు.

నాలుగవది లిపి. యూనికోడులో తెలుగు గుర్తు ఒక్కొక్కటికి సాధారణ సంకేతనమున మూడు బైట్లు పట్టును. 'ఉప్పల్' కంటికి మూడక్షరములు. యంత్రమునకు ఆరు గుర్తులు, పదునెనిమిది బైట్లు. 'నాచారం' కూడ ఆరు గుర్తులే. 'నాచారము' అని వ్రాసినచో ఏడు గుర్తులు, ఇరువది యొక్క బైట్లు. రోమను లిపిని మనసులో నుంచుకొని ఇరువది బైట్ల గడిని కట్టినవాని యింట 'నాచారం' పట్టును, 'నాచారము' పట్టదు. కొన్ని యేర్పాటులలో యంత్రము ఆ పేరును నిరాకరించును; కొన్నింటిలో కొమ్మును త్రుంచి 'నాచారమ' అని నిలుపును. నిరాకరించుటయే మేలు. కుండలో పట్టనిదానిని ఒలికించుటకంటె పట్టదని చెప్పుట మర్యాద. యూనికోడు తెలుగు దస్త్రములను తెలుగెరుగని సంకేతనములోనికి దింపినచో ప్రతి యక్షరమును ప్రశ్నార్థకమైపోవును. ఆ ప్రశ్నార్థకములనుండి పేరును తిరిగి పుట్టింపజాలము. మరియు పొల్లు చివర అక్షరములు కలియకుండుటకై ఉంచు నదృశ్యమైన గుర్తొకటి కలదు. అది యున్న 'ఉప్పల్', లేని 'ఉప్పల్' కంటికొక్కటే, వెదకుయంత్రమునకు రెండు. వెదకిన దొరకలేదు కాబట్టి లేదని చెప్పు ఉద్యోగికి ఈ సూక్ష్మమును నేర్పినవారెవరు?

అయిదవది ఖాళీ. కాగితముపై గడి ఖాళీగా నుండుట యొకటి. గడిలో వ్రాత యుండి చదువరాకుండుట మరియొకటి. ఆ పుటయే లభింపకుండుట వేరొకటి. తాళపత్రమున క్రిమిదష్టమైన చోటును, లేఖకుడు విడిచిన చోటును, పోయిన యాకును పరిష్కర్త వేర్వేరుగా చూపును. దిగుమతిలో ఈ మూటిని సున్నగానో, శూన్యముగానో ఒక్కటి చేయుట పెద్ద యపరాధము. అనుభవదారు గడి చిరిగిపోయినది యనుటకును, అనుభవదారు లేడనుటకును నడుమ ఒక కుటుంబము బ్రతుకున్నది.

చివరిదియు ముఖ్యమైనదియు కైఫియతు. ఈ మాట తెలుగువారికి గౌరవార్హమైనది. సర్వేయరుగా పనిచేసి 1815లో భారతదేశపు మొదటి సర్వేయరు జనరలైన కాలిన్ మెకంజీ, కావలి వేంకట బొర్రయ్య ప్రభృతుల సాయమున గ్రామ కైఫియతులను సేకరింపజేసెను. పటమునకు పట్టనిది కథకు పట్టునని ఆ సర్వేయరు గ్రహించినాడు. పహాణీ చివరి గడియైన కైఫియతు ఆ మహాసంచయమునకు పేరునందును స్వభావమునందును చిన్న తమ్ముడు. కౌలుదారు పేరు, తగాదాయున్నదను సూచన, ఫలానా ఉత్తరువు ప్రకారము మార్పు జరిగినదను వాక్యము అందుండును. దిగుమతి చేయువారికి ఇది తలనొప్పి. ఎంచుకొను జాబితాలో పట్టదు, కూడికకు రాదు. కావున దీనిని విడుచుటకు చేయి త్వరపడును. విడిచినచో లెక్క నిర్మలముగా కనబడును. ఆ నిర్మలత్వమే మోసము. తగాదాను తొలగించుట వేరు, తగాదాయున్నదను మాటను తొలగించుట వేరు.

కావున దిగుమతికి పరిష్కర్త చెప్పదగిన క్రమమిది. ముందుగా కాగితముపై నున్నదానిని నున్నట్లుగా, ప్రతి గడిని కేవలము అక్షరపాఠముగా, ఒక వాకిటిపట్టికలో దింపవలెను. పిమ్మట నిబంధనలతో పరీక్షించి, నిలిచినవానిని మాత్రమే లోపలి పట్టికలలోనికి తీసికొనవలెను. నిలువనివానిని పారవేయక, కారణముతో వేరుపట్టికలో నుంచి, బింబమును చూచి తీర్పు చెప్పవలెను. ఒక గ్రామమున దిగుమతి యంతయు సాగవలెను, లేదా యంతయు వెనుకకు పోవలెను. సగములో నిలిచిన దిగుమతి సగము చెరిగిన శాసనమువంటిది. సరిదిద్దిన రూపముతోపాటు మూలరూపము నిలిచియుండవలెను. ఖుష్కిని మెట్ట యని, తరిని మాగాణి యని అనువదించుటకు అభ్యంతరము లేదు. కాని ఖుష్కియను మాటను చెరపరాదు. పేర్లు దగ్గరగా నున్నవని ఇద్దరు మల్లయ్యలను యంత్రము తనంత తానే ఒక్కరిని చేయరాదు. దిద్దుబాటు జరిగిన యెడల పాతవరుసపై క్రొత్తవరుస వ్రాయక, రెంటిని తేదీలతో నిలుపవలెను.

పుణెలోని భండార్కర్ సంస్థ 1919లో చేపట్టి 1966లో ముగించిన మహాభారత పరిష్కరణమునందును, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రచురణమగు ఆంధ్రమహాభారత సంశోధిత ముద్రణమునందును పాటించిన నీతి ఇదియే: స్వీకృతపాఠము పైన, పాఠాంతరములు క్రింద, ఏ ప్రతిలో ఏది యున్నదో సాంకేతికముగా సూచన. సి. పి. బ్రౌను పండితులను కూర్చుండబెట్టి పలు ప్రతులను సరిపోల్పించుటలోను ఇదే వివేకము కనబడును. ఉప్పల్‌లో భారత సర్వేక్షణ శాఖవారి శిక్షణసంస్థ కలదు. తార్నాకలో రాష్ట్ర అభిలేఖాగారము కలదు. మొదటిదానిలో కొలత జ్ఞానము, రెండవదానిలో పాతకాగితపు జ్ఞానము. ఈ రెంటికి నడుమ దూరము కొద్ది మైళ్లు మాత్రమే.

దీనికి మూడాక్షేపములు రావచ్చును. రైతునకు కావలసినది పాసుపుస్తకముగాని పాఠాంతరములు కావని మొదటిది. నిజమే. పాఠకునకు కావలసినదియు పద్యమే గాని ప్రతుల సంకేతములు కావు. అయినను ఆ సంకేతములుండబట్టియే అతడు పద్యమును నమ్మగలుగుచున్నాడు. పాసుపుస్తకమున స్వీకృతపాఠమే యుండుగాక. అది యెచ్చటినుండి వచ్చినదో చూపు త్రోవ వెనుక నుండవలెను. పాఠాంతరములు వ్యాజ్యములకు విత్తనములగునని రెండవది. వ్యాజ్యము పాఠాంతరము కనబడుటచే పుట్టదు. కనబడకుండ దాచుటచే ముదురును. ఇంత పనికి కాలమును ధనమును చాలవని మూడవది. ఇది గట్టి యాక్షేపము. తేలికగా త్రోసివేయ దగదు. కాని గడులను సరిగా కట్టుటకును, నిబంధనలు విధించుటకును, ముద్రాంకము గణించుటకును అయ్యెడి వ్యయము స్వల్పము. అధికవ్యయము మనుష్యుడు చదువుటలోనే. ఆ చదువును సందేహమున్న వరుసలకు మాత్రమే పరిమితము చేయుటకై గదా వాకిటిపట్టిక! పోల్చి చూచిన యెడల ఒకసారి తప్పుగా దింపి పదిమార్లు సవరించుటయే దుబారా.

ఇందు తెలుగు శాఖల బాధ్యత యేమి? మన విద్యార్థులకు పాఠపరిష్కరణమును బోధింతుము. కాని దానిని అయిదారు శతాబ్దులకు వెనుకటి ప్రతులపైనే యభ్యసింపజేయుదుము. ఖుష్కి, తరి, బాగాయతు, పోట్‌ఖరాబు, శిఖము, బంచరాయి యను మాటలు తెలుగు నిఘంటువులో మూలకు నెట్టబడినవి. నేలపై నవి నేటికిని హక్కులను నిర్ణయించుచున్నవి. ఉర్దూ దస్తూరి చదువగల తరము కరగిపోవుచున్నది. ఎం.ఏ. విద్యార్థికి ఒక సేత్వారు పుట, ఒక ఖాస్రా పహాణీ పుట, నేటి పట్టికలోని వరుస చేతికిచ్చి, ఈ మూటిని సరిపోల్చి పాఠభేదములను కారణములతో వ్రాయుమని యడిగినచో, అది మనుచరిత్ర ప్రతులను సరిపోల్చుటకు తీసిపోని పరీక్షయగును. అట్లు శిక్షితుడైనవానికి రెవెన్యూ కచేరీలో చేయదగిన పనియు నుండును. పట్టికను కట్టువాడు యంత్రము నెరుగును. సర్వేయరు నేల నెరుగును. మాట నెరిగినవాడు వారి ప్రక్కన కూర్చుండకపోవుటచేతనే ఇన్ని దోషములు దొర్లుచున్నవి.

ధరణి పోయి భూభారతి వచ్చినది. రేపు మరియొక పేరు రావచ్చును. పేరు మారినప్పుడెల్ల పాతపట్టికనుండి క్రొత్తపట్టికకు మరల దిగుమతి తప్పదు. అనగా మరియొక తరము ప్రతి పుట్టును. ప్రతి దిగుమతియందును మూలబింబము, దాని ముద్రాంకము, కైఫియతు వెంట వచ్చినచో ఎన్ని తరములు గడచినను పాఠమునకు పుట్టిల్లు తెలియును. రానిచో ఉప్పల్, నాచారముల నేల మిగులును, దాని మాట మిగులదు. మాట పోయిన నేలకు బలవంతుని నోరే పహాణీ యగును. ఈ విషయమును విజ్ఞులు పరిశీలింతురుగాక.